చీరాల–పేరాల ప్రాజెక్టు డైరీ: పన్ను లెక్క నుంచి రామనగర్ దాకా

గుంటూరులో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 40 మందితో నడుస్తున్న ప్రాజెక్టు ఇది. విషయం చీరాల–పేరాల. మునిసిపాలిటీ వద్దు, ఆ పన్ను కట్టం అని 1921లో ఆ రెండు ఊళ్ల జనంలో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి, పొలిమేర అవతల గుడిసెలు వేసుకుని పదకొండు నెలల పాటు ఉన్నారు. ఆ గుడిసెల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పాఠ్యపుస్తకంలో ఇదంతా కొన్ని వాక్యాల్లో అయిపోతుంది. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు అన్న రెండు పేర్లు గుర్తుంటే మార్కులు వచ్చేస్తాయి. వేల మంది ఇల్లూ వాకిలీ ఎందుకు వదులుకున్నారో, వదిలాక ఎలా బతికారో మాత్రం పిల్లలకు అందదు.

అందుకే ఈ ప్రాజెక్టులో నాయకుడి కథ తర్వాత వస్తుంది, ముందు పన్ను లెక్క వస్తుంది. లెక్క చేతికి తగిలాకే కోపం అర్థమవుతుంది, గుడిసె చేతితో కట్టాకే వలస బరువు తెలుస్తుంది. కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని స్టేజీ మీద నినాదాలు చేసే నాటిక జనవరి 26కి బాగానే ఉంటుంది కానీ, దాన్నుంచి పిల్లలు నేర్చుకునేది తక్కువ. ఇక్కడ వేషం లేదు.

మొదటి దశ: పన్ను (పూర్తయింది)

కావలసినవి ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు. క్యాలిక్యులేటర్ వద్దు. బోర్డు మీద మూడు అంకెలు రాయాలి: జనాభా సుమారు 15 వేలు, యూనియన్‌గా (మునిసిపాలిటీకి ముందున్న చిన్న స్థానిక సంస్థగా) ఉన్నప్పుడు ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4 వేల రూపాయలు, మునిసిపాలిటీ అయ్యాక సుమారు 40 వేలు. చీరాల, పేరాలతో పాటు జాండ్రపేట, వీరరాఘవపేట కూడా ఆ యూనియన్‌లో ఉండేవని పక్కనే రాయాలి. ఇంటికి ఐదుగురు అనుకుంటే 3,000 కుటుంబాలు. ఈ ఐదుగురన్నది తరగతి కోసం వేసుకున్న అంచనా అని పిల్లలకు మొదటే చెప్పాలి.

ఇప్పుడు భాగహారం. 4,000 రూపాయలను 3,000 కుటుంబాలకు పంచితే తలా ఒక రూపాయి, మిగిలేది 1,000. ఇక్కడే అందరూ పాయింటు పెట్టి 1.33 అని రాసేస్తారు, తర్వాత దాన్ని ‘ఒక రూపాయి 33 అణాలు’ అని చదువుతారు. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. కాబట్టి మిగిలిన 1,000 రూపాయలను 16తో గుణించి అణాలు చేయాలి: 16,000. దాన్ని 3,000తో భాగిస్తే 5 అణాలు, మళ్లీ మిగిలేది 1,000. దాన్ని 12తో గుణిస్తే 12,000 పైసలు, భాగిస్తే 4. అంటే ఇంటికి సగటున 1 రూపాయి 5 అణాల 4 పైసలు. పాత చిట్టాల్లో రాసినట్టు 1-5-4.

40,000తో అదే లెక్క చేయిస్తే 13-5-4 వస్తుంది. రూపాయల గడి ఒక్కటే మారింది, అణాలు పైసలు అవే ఉన్నాయి. చివరి రెండు అంకెలు మారనందుకు పిల్లలు లెక్క తప్పిందనుకుని మళ్లీ చేస్తారు. చెయ్యనివ్వాలి. రెండోసారీ అదే వచ్చినప్పుడు ఆ 1కీ 13కీ మధ్య తేడా బోర్డు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆనాటి 12 రూపాయలు ఈనాటి ఎన్ని వేలకు సమానం అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దానికి ఏదో ఒక అంకె చెప్పి తప్పించుకోవడం మంచి పద్ధతి కాదు. దాని బదులు ఇంట్లో ఈ ఏడాది కట్టిన ఇంటిపన్ను ఎంతో అడిగి రమ్మనాలి. రసీదు తేనక్కరలేదు, తరగతిలో పైకి చదవనూ అక్కరలేదు. నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన సున్నా చేర్చుకోమనాలి. అద్దె ఇళ్ల పిల్లలు కరెంటు బిల్లుతో చేస్తారు. ఆ కాగితం ఇంట్లో చూపించి, అమ్మానాన్న ఏమన్నారో ఒక్క వాక్యం రాసుకురావడం ఇంటిపని. ఈ దశలో పనికొచ్చే చర్చ అంతా ఆ వాక్యాల నుంచే పుడుతుంది.

రెండో దశ: 40 కుటుంబాల కార్డులు (పూర్తయింది)

సగటు అన్నది ఎవరి ఇల్లూ కాదు. బట్టల వ్యాపారి మేడకూ నేతగాడి పూరింటికీ ఒకే పన్ను పడదు. అందుకని ఒక్కో విద్యార్థికి ఒక కుటుంబం కార్డు ఇవ్వాలి. పెద్ద చార్టు (22 × 28 అంగుళాలు) నుంచి 10 × 15 సెంటీమీటర్ల కార్డులు 20 వస్తాయి, రెండు చార్టులు చాలు. పంపకం ఇలా: చేనేత 16, వ్యవసాయ కూలి 6, బట్టల వ్యాపారం 5, చిల్లర దుకాణం 5, కుమ్మరి, వడ్రంగి వంటి చేతివృత్తులు 4, వకీలు లేదా ఉద్యోగి 2, ఒంటరిగా ఉండే వృద్ధురాలు 2. ఇది జనాభా లెక్కల నుంచి తీసింది కాదు. చీరాల నేతకు, రుమాళ్లకు పేరున్న ఊరు కాబట్టి చేనేతకు పెద్దపీట వేశాం. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్లు అక్కడి నుంచే అరబ్బు దేశాలకు వెళ్లేవి. కార్డుకు ముందువైపే రాయాలి, వెనకవైపు ఖాళీగా ఉంచాలి. దాని పని చివర్లో ఉంది.

40 కార్డులకు పాత పన్ను మొత్తం 53-5-4, కొత్తది 533-5-4. పాతది ఉపాధ్యాయుడు పంచి ఇస్తారు. కొత్త 533 రూపాయల 5 అణాల 4 పైసలను పిల్లలే కౌన్సిలర్లై పంచాలి. ఎనిమిదిమందిని ఎన్నుకుని ఒక పీరియడు ఇవ్వాలి. ఏం జరుగుతుందంటే, మొదట వ్యాపారుల మీద మొత్తం వేసేస్తారు. వ్యాపారుల కార్డులు ఉన్నవాళ్లు ‘అయితే నూలు ధర పెంచుతాం’ అంటారు. ఆ బరువు తిరిగి 16 చేనేత కార్డుల మీదికే వస్తుంది. ఇంకో జట్టు అందరికీ సమానంగా వేస్తుంది. అప్పుడు వృద్ధురాలి కార్డుకు 13 రూపాయల పైచిలుకు పడుతుంది. ఎటు తిప్పినా ఎవరో ఒకరు కట్టలేరు. ‘సార్, మేం కౌన్సిలర్లుగా ఉండం’ అన్న మాట ఏదో ఒక జట్టు నోటి నుంచి వస్తుంది. అప్పుడే చెప్పాలి: చీరాలలో ఎన్నికైన కౌన్సిలర్లు కూడా రాజీనామాలు చేశారు. ముందే చెప్పేస్తే అది నోట్సులో ఒక వాక్యంగా మిగిలిపోతుంది.

లెక్క తేలకపోవడానికి మామూలు కారణం పైసలు. 12 పైసలు దాటాయని గుర్తుపెట్టుకోకుండా 5-14 అని రాసేస్తారు. కూడిక కుడి నుంచి ఎడమకు మూడు గళ్లలో విడివిడిగా చేయించి, ప్రతి గడి కింద 12, 16 అని చిన్నగా రాయించాలి.

మూడో దశ: సభ (పూర్తయింది)

రెండు పక్షాలూ మాట్లాడాలి. ప్రభుత్వ పక్షం వాదన కూడా పిల్లలకు గట్టిగా వినిపించాలి: పెరుగుతున్న వ్యాపార కేంద్రం, రోడ్లు, మురుగుకాల్వలు, పారిశుధ్యం కావాలి, వాటికి డబ్బు కావాలి. ఆ వాదనకు తరగతిలో బాగా మాట్లాడే ఇద్దరిని పెట్టి, వాళ్లకే మొదటి ఐదు నిమిషాలు ఇవ్వాలి. లేకపోతే ప్రభుత్వ పక్షాన నిలబడ్డవాడు సినిమాలో విలన్‌లా మీసం తిప్పి కూర్చుంటాడు, చర్చ అక్కడితో సరి.

పిల్లలందరూ పొరబడే చోటు ఇంకోటుంది. పన్ను వేసింది తెల్లదొర అనుకుంటారు. 1919 చట్టంతో రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన వచ్చింది. స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రుల చేతికి వచ్చిన శాఖల్లో ఒకటి. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో ఆ శాఖ మంత్రి జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా రామరాయనింగారు, తెలుగువారు. ఇది చెప్పగానే తరగతిలో ఒక్కసారిగా గుసగుసలు మొదలవుతాయి. ‘మరి మనవాళ్లే కదా సార్, ఎందుకు ఒప్పుకోలేదు?’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఒక పీరియడు మొత్తం ఇవ్వాలి. శాఖలు మంత్రులకు వచ్చినా ఆర్థికం, పోలీసు, న్యాయం గవర్నరు దగ్గరే ఉన్నాయని ఒక పటం గీయించాలి. సహాయ నిరాకరణ వాళ్లు ఆ శాసనసభలనే బహిష్కరించారని కూడా చెప్పాలి. ఇది దాటేస్తే చీరాల కథ మంచివాళ్లకూ చెడ్డవాళ్లకూ మధ్య జరిగిన గొడవగా మిగిలిపోతుంది.

పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లినవాళ్లలో ఒక మహిళ కూడా ఉన్నారు. సభలో వృద్ధురాలి కార్డులు ఉన్న ఇద్దరూ తప్పనిసరిగా మాట్లాడాలన్న నియమం అందుకే.

తర్వాత 1921 ఏప్రిల్ మొదటి వారం. విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మార్చి 31, ఏప్రిల్ 1న జరిగాక గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన చెప్పినవి రెండు దారులు: ఊళ్లోనే ఉండి, అహింసగా, వచ్చిన కష్టమంతా భరిస్తూ పన్ను కట్టకపోవడం, లేదా ఊరే వదిలి మునిసిపాలిటీ హద్దు అవతలికి వెళ్లిపోవడం. జప్తు చేయడానికి ఇంట్లో మనిషే లేకపోతే గొడవకు తావుండదు. పిల్లలు ఈ రెండింటి మీద చీటీ ఓటు వేస్తారు. చేతులెత్తించకూడదు, పక్కవాణ్ని చూసి ఎత్తుతారు. ఓటు వేసేముందు ప్రతి ఒక్కరూ తమ కార్డు మీద ‘వెళితే నాకు పోయేది’ అని మూడు వస్తువులు రాయాలి. నేతగాడి కార్డులో మొదటి వస్తువు మగ్గం.

నాలుగో దశ: మగ్గం కదలదు (పూర్తయింది)

ఈ దశ మొదట ప్రణాళికలో లేదు. ‘మగ్గం ఎత్తుకుపోతే సరిపోతుంది కదా’ అని చేనేత కార్డులవాళ్లు అనడంతో చేర్చాం. గుంట మగ్గం నేలలో తవ్విన గోతి మీద ఉంటుంది, నేతగాడు ఆ గోతిలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. మంగళగిరిలో ఇప్పటికీ చూడొచ్చు, గుంటూరు నుంచి పూట ప్రయాణం. పది మంది చొప్పున తీసుకెళ్లాలి. నేతింట్లో అంతకన్నా ఎక్కువమంది పట్టరు, పైగా పడుగు (మగ్గం మీద నిలువుగా బిగించిన పోగులు) మీద పిల్లలు చెయ్యి వేస్తే పని పాడవుతుంది. చూసినందుకు ఆ ఇంటి పని ఆగిన సమయానికి డబ్బు ఇవ్వాలి.

తరగతిలో అట్ట మగ్గం: 30 × 30 సెంటీమీటర్ల గట్టి అట్ట (పుస్తకాల బైండింగుకు వాడేది), పైనా కిందా 5 మిల్లీమీటర్లకు ఒక గాటు చొప్పున 60 గాట్లు. 60 పడుగు పోగులకు ఒక్కోటీ 30 సెంటీమీటర్లు, అంటే 18 మీటర్లు. ముడులకూ వృథాకూ కలిపి 22 మీటర్ల నూలు. పేకకు (అడ్డంగా నేసే పోగుకు) ఇంతకు రెండింతలు తీసిపెట్టుకోవాలి. నాడెకు (పేకను అటూ ఇటూ తీసుకెళ్లే సాధనానికి) బదులు ఐస్‌క్రీం పుల్ల. పడుగుకు పలచని గంజి రాసి ఆరనివ్వాలి. గంజి పెట్టని పోగు పుల్ల రాపిడికి పీచులేచి తెగుతుంది. గంజి మరీ చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒక వంతు గంజికి మూడు వంతుల నీళ్లు సరిపోతుంది.

దాదాపు అందరి బట్టా మధ్యలో నడుం సన్నబడినట్టు లోపలికి లాక్కుపోతుంది. కారణం పేకను బిగించి లాగడం. పేక పోగును సూటిగా కాకుండా విల్లులా వంచి వదిలి, తర్వాత దువ్వెనతో కిందికి సర్దితే అంచు నిలుస్తుంది.

నాలుగు వేళ్ల వెడల్పు నేశాక అసలు పరీక్ష. ‘పడుగు తెగకుండా దీన్ని ఈ అట్ట నుంచి ఆ అట్టకు మార్చండి.’ గాట్లలోంచి పోగులు ఊడగానే బిగువు పోతుంది, చిక్కులు పడతాయి. నేసిన ముక్క నిలుస్తుంది, నేయని పడుగు మాత్రం పోయినట్టే. కొందరు రెండు వైపులా పుల్ల కట్టి చుట్టేసి మారుస్తారు. అదే సరైన పద్ధతి, అయినా కొత్త అట్ట మీద బిగువు తిరిగి రావడానికి ఒక పూట పడుతుంది. పైగా చీరాల సముద్రానికి దగ్గర, ఇసుక నేల. కొత్త గుంట తవ్వితే గోడలు జారతాయి, పక్కన తడకో మట్టిపూతో కావాలి. ఈ పరీక్ష అయ్యాక ‘వెళితే నాకు పోయేది’ జాబితాలు చాలామంది దిద్దుకున్నారు.

ఐదో దశ: రామనగర్ నమూనా (నడుస్తోంది, గుడిసెలు మూడొంతులు అంటించారు)

ఎక్కువ సమయం పట్టేది ఇదే. వలస వెళ్లింది సుమారు 13 వేల మంది. ఐదుగురికి ఒకటి చొప్పున 2,600 గుడిసెలు. ‘నమూనా కదా, ఓ యాభై గుడిసెలు పెడితే సరిపోదా’ అని పెద్దవాళ్లు కూడా అంటారు. సరిపోదు. యాభై గుడిసెలు చూస్తే ఒక పేట కనిపిస్తుంది. 2,600 చూస్తే ఊరు కనిపిస్తుంది. సంఖ్య తగ్గించడం ఒక్కటి తప్ప మిగతా ఏ సౌలభ్యమైనా చూసుకోవచ్చు.

స్కేలు 1:500. అంటే నమూనాలో 2 మిల్లీమీటర్లు నేల మీద ఒక మీటరు. గుడిసె 4 × 4 మీటర్లు, స్థలం 8 × 10 మీటర్లు (నమూనాలో 16 × 20 మి.మీ.). 2,600 స్థలాలకు 2,08,000 చదరపు మీటర్లు. దారులకూ బావులకూ ఖాళీ స్థలాలకూ మొత్తం విస్తీర్ణంలో 30 శాతం వదిలితే సుమారు 2,97,000 చదరపు మీటర్లు, అంటే 73 ఎకరాల పైన. నమూనాలో అది 1.19 చదరపు మీటర్లు. నాలుగడుగుల చదరపు ప్లైవుడ్‌లో (సుమారు 1.49 చ.మీ.) సరిపోయి, చుట్టూ అంచుకు, పేర్ల పట్టీకి చోటు మిగులుతుంది.

ప్లైవుడ్ 12 మి.మీ.ది కావాలి, కింద 2 × 1 అంగుళాల చెక్క పట్టీలు రెండు అడ్డంగా కొట్టాలి. 6 మి.మీ. షీటు తేలిగ్గా ఉంటుంది కానీ తడి జిగురు పూయగానే పళ్లెంలా వంగుతుంది. ఒక్క పైవైపే ప్రైమర్ వేసినా వంపు తప్పదు, రెండు వైపులా వేయాలి.

నేలకు ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి బ్రష్‌తో పూసి, వెంటనే జల్లించిన ఇసుక చల్లాలి. ఫెవికాల్ 300 గ్రాములు, ఇసుక రెండున్నర కిలోలు. ‘చీరాల కదా, సముద్రపు ఇసుకే తెద్దాం’ అన్న ఉత్సాహం సహజం. ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది, గాలిలో తేమ పీల్చి చెమ్మగా ఉండిపోతుంది, జిగురు పట్టదు. తేవాలనుకుంటే మంచినీళ్లతో మూడుసార్లు కడిగి ఎండబెట్టాలి. కృష్ణ ఇసుకతో ఈ బాధ లేదు. ఒక రోజు ఆరాక బోర్డును నిలబెట్టి తట్టితే పట్టని ఇసుక రాలిపోతుంది. దారుల గీతలు ఇసుక పరచకముందు గీస్తే కనిపించవు. ఆరాక, రంగుపొడి రాసిన దారాన్ని రెండు చివరలా పట్టుకుని, వడ్రంగులు కొట్టినట్టు మధ్యలో లాగి కొట్టాలి.

గుడిసెలు: తాటాకు రంగు చార్టు ఒకటి. పొడవు వైపుగా 12 మి.మీ. వెడల్పు పట్టీలు కోయాలి. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి పట్టీ మధ్యలో గట్టిగా ఒక గీత నొక్కితే మడత సూటిగా వస్తుంది. మడిచిన పట్టీని 8 మి.మీ. ముక్కలుగా కత్తిరించాలి. ఒక పట్టీకి 88 గుడిసెలు, కాబట్టి 30 పట్టీలు. ఒక చార్టులో 46 పట్టీలు వస్తాయి, పాడైనవాటికి 16 మిగులు. కత్తిరించాక ముక్కలు చప్పగా అణిగి ఉంటాయి. వాటిని తెరిచేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో వెడల్పుకు తెరుస్తారు, గుడిసెలు కొన్ని పొడవుగా, కొన్ని పరుచుకుని కనిపిస్తాయి. దానికి ఒక అచ్చు చేసుకోవాలి: అట్ట మీద ఐస్‌క్రీం పుల్లలు రెండు సరిగ్గా 8 మి.మీ. ఎడంతో అంటించి, గుడిసెను ఆ సందులో కూర్చోబెట్టాలి. రెండు కప్పులూ 6 మి.మీ. చొప్పున, అడుగు 8 మి.మీ. అయితే దూలం ఎత్తు నాలుగున్నర మి.మీ. వస్తుంది, అంటే రెండుంబావు మీటర్లు. మనిషి మధ్యలో మాత్రమే నిటారుగా నిలబడగలడు, చూరు దగ్గర వంగాల్సిందే.

అంటించడానికి పాత టైలు మీద ఫెవికాల్ పల్చగా పరిచి, గుడిసె రెండు అంచులూ దానికి తాకించి, పట్టకారుతో పెట్టాలి. సీసాలోంచి నేరుగా చుక్క వేస్తే కాగితం నాని పడుకుంటుంది. ఫ్యాను ఆపాలి. ఆరని గుడిసెలు గాలికి లేచిపోతాయి. గుంటూరు ఎండల్లో ఫ్యాను లేకుండా మధ్యాహ్నం కూర్చోబెట్టడం పిల్లల్ని హింసించడమే, కాబట్టి ఈ పని ఉదయం మొదటి రెండు పీరియడ్లలోనే.

థర్మకోల్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: స్ప్రే పెయింటు తగిలితే అది కరిగి గుంటలు పడుతుంది. అలాగే ఇంటి మైదా పిండి జిగురు చవకే, కానీ వానాకాలానికి చీమలు, పుస్తకాల పురుగులు పడతాయి.

తర్వాత నీళ్లు. మనిషికి రోజుకు 20 లీటర్లు వేసుకున్నా 13 వేల మందికి 2,60,000 లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే 17,333. ఒక బావికి నాలుగు గిలకలు, గిలకకు నిమిషానికో బిందె, రోజుకు 12 గంటలు ఆగకుండా తోడితే 2,880 బిందెలు. కనీసం ఏడు బావులు కావాలి. జ్యూసు గొట్టం (స్ట్రా) ముక్క ఒక్కోటీ ఒక బావి. 6 మి.మీ. వెడల్పు ఉంటుంది కాబట్టి 3 మీటర్ల బావి అవుతుంది. ఏ గుడిసె నుంచీ 150 మీటర్లకు మించి నడవకూడదన్న నియమం పెట్టి, 30 సెంటీమీటర్ల దారంతో ప్రతి మూలా కొలిపించాలి. మొదటిసారి బావులన్నీ మధ్యలోనే గుమిగూడతాయి, మూలల గుడిసెలకు దారం అందదు. బావుల్ని జరుపుతుంటే దారుల్నీ మార్చాల్సి వస్తుంది. అలా మార్చనివ్వాలి, గుడిసెలు అంటించడానికి ముందే.

వలస మొదలైంది ఏప్రిల్ చివర, మే మొదట్లో. నడి ఎండాకాలం, తాటాకు కప్పులు, ప్రతి ఇంటి ముందూ పొయ్యి. నిప్పు అంటుకుంటే ఎక్కడ ఆగుతుందో నమూనా మీద వేలు పెట్టి చూపించమంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే వరుసల మధ్య వెడల్పు సందులు అడుగుతారు. పదకొండు నెలలంటే ఆ ఎండ తర్వాత వానలు, ఆపైన తుఫాన్ల కాలం, చలి కూడా. ఒక గుడిసె కప్పుకు ఎన్ని తాటాకులు పడతాయో, ఎన్నేళ్లకు మార్చాలో ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రమ్మన్నాం. గుంటూరు పల్లెల్లో పూరిల్లు కప్పినవాళ్లు ఇంకా ఉన్నారు, పిల్లలు తెచ్చిన జవాబులు నోట్‌బుక్‌లో నాలుగు పేజీలకు పైన ఉన్నాయి.

బోర్డు అంచున పెద్ద అక్షరాలతో ఉండాల్సిన వాక్యం: ‘ఇది లెక్క కట్టి వేసిన నమూనా. ఆనాటి పటం కాదు.’

బోర్డు పెట్టే బల్ల ఎత్తు 60 సెంటీమీటర్లు దాటకూడదు. పై నుంచి చూస్తేనే ఊరు ఊరుగా కనిపిస్తుంది. మామూలు డెస్కు మీద పెడితే ఆరో తరగతి పిల్లలకు ముందు వరుస గుడిసెలు తప్ప ఏమీ కనిపించవు.

ఆరో దశ: వెళ్లనివాళ్లు, వెళ్లిపోయిన నాయకుడు (పూర్తయింది)

15 వేలలో 13 వేలంటే 40 కార్డుల్లో 35. ఐదు కార్డులు ఊళ్లోనే ఉండాలి. చీటీలు తీసి ఎంపిక చేయాలి, ఎవరినీ ‘ద్రోహి’ అననివ్వకూడదు. ఆ ఐదుగురూ తమ కార్డు మీద కారణం రాస్తారు: మంచంలో ఉన్న తండ్రి, తాకట్టులో ఉన్న సరుకు, ప్రభుత్వ ఉద్యోగం. మిగతా 35 మందికీ అది చదివి వినిపించాలి.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పాత్ర పిల్లలకు ఇవ్వలేదు. ఉపాధ్యాయుడే ఆయన స్థానంలో ఉండి పనులు పంచుతారు: బావుల కాపలా, తగవుల పంచాయతీ, విరాళాల చిట్టా, రామదండు. పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో చదివి వచ్చి, ఊరంతా నమ్మే మనిషిగా ఎదిగిన వ్యక్తి ఆయన. పిల్లలు కూడా ఒక వారంలోనే ప్రతిదానికీ ‘సార్, ఏం చేయమంటారు’ అనే స్థితికి వస్తారు. సరిగ్గా అప్పుడు ఉపాధ్యాయుడు ఏమీ చెప్పకుండా గది నుంచి వెళ్లిపోవాలి. 1921లోనే, సభల్లో మాట్లాడకూడదన్న నిషేధాజ్ఞను ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు, తిరుచిరాపల్లి జైలుకు పంపారు. రామనగర్ జనం ఆయన లేకుండానే నెలల తరబడి నిలిచారు. తరగతికి ఇచ్చిన పని ఒక పీరియడు: చిట్టాలో డబ్బు తగ్గుతోంది, రెండు కుటుంబాలు వెనక్కి వెళతామంటున్నాయి, ఏం చేస్తారు? తలుపు బయట ఇంకో టీచరు నిలబడి వినాలి, లోపలికి రాకూడదు. మొదటి పది నిమిషాలు గోలగా ఉంటుంది. దానికి భయపడి లోపలికి వెళితే దశ మొత్తం వృథా.

రామదండు అంటే పిల్లలకు వేషం మీదే మోజు. నిజానికి వాళ్లు చేసింది పని. సభల్లో, ఉత్సవాల్లో వేలమందిని అదుపు తప్పకుండా నడిపించారు, విజయవాడ సమావేశంలోనూ సేవ చేశారు. మా ప్రదర్శన రోజు రామదండు జట్టుకు 12 మీటర్ల తాడు, టోకెన్లు, నీళ్ల క్యాను ఇస్తున్నాం. నమూనా చుట్టూ ఒక్కసారికి 15 మంది, ఎడమ వైపు నుంచి లోపలికి, కుడి వైపు నుంచి బయటికి.

ఏడో దశ: కాలం తాడు, పటం (సగంలో ఉంది)

వరండాలో 1920 జనవరి నుంచి 1922 మార్చి దాకా 27 నెలలు. రోజుకు ఒక సెంటీమీటరు, నెలకు 30, మొత్తం 8 మీటర్ల పైచిలుకు. నైలాన్ తాడు కార్డుల బరువుకు సాగి వేలాడుతుంది. జీఐ తీగ బిగించి, మీటరున్నరకు ఒక మేకు కొట్టాలి. విజయవాడ సమావేశం నుంచి గాంధీజీ చీరాల రాకకు జానెడు కూడా లేదు. వలస ముక్క మూడు మీటర్ల పైన ఉంటుంది, దాన్ని ఎర్ర రిబ్బన్‌తో చుట్టాం. 1922 ఫిబ్రవరి 4 చౌరీచౌరాలో హింస, 12న బార్డోలీలో సహాయ నిరాకరణ ఉద్యమం నిలిపివేత, మధ్యలో 8 సెంటీమీటర్లు. రిబ్బన్ ఆ తర్వాత ఎందుకు ఆగిపోయిందో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. జనం ఇళ్లకు తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉంది. ‘అంటే ఓడిపోయారా?’ అన్న ప్రశ్నకు మేం జవాబు ఇవ్వడం లేదు. రెండు గడుల చిట్టా ఇచ్చి, ఏం పోయిందో ఏం వచ్చిందో అణా పైసల్లా విడివిడిగా రాయమన్నాం.

పటం దగ్గర పిల్లలు తికమకపడేది జిల్లాల సరిహద్దుల్లో. 1921లో చీరాల, ఒంగోలు, పల్నాడు, అన్నీ గుంటూరు జిల్లాలోనే. చీరాల 1970లో కొత్త జిల్లాకు వెళ్లింది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. అందుకే పటం ఒకటి, దాని మీద ఓహెచ్‌పీ (పారదర్శక ప్లాస్టిక్) షీట్లు రెండు: ఒకటి 1921 హద్దులు, ఒకటి ఇప్పటివి. పర్మనెంట్ మార్కరు తప్పు గీస్తే శానిటైజర్ ముంచిన దూదితో పోతుంది. షీట్లు జరగకుండా రెండు మూలల్లో పంచ్ చేసి బటన్‌తో బిగించాలి.

అదే పటం మీద మూడు రంగుల చుక్కలు: చీరాలలో మునిసిపల్ పన్ను, పెదనందిపాడులో భూమిశిస్తు, పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేత మీద పన్ను. మూడూ 1921–22లో, మూడూ అప్పటి ఒకే జిల్లాలో. పరీక్ష పేపర్లలో ఈ మూడూ కలిసిపోయి, కన్నెగంటి హనుమంతు చీరాలలో చనిపోయాడని రాసేవాళ్లు ఉంటారు. ఆయన పల్నాడులోని మించాలపాడు మనిషి, 1922 ఫిబ్రవరిలో కాల్పుల్లో ప్రాణాలు వదిలారు. ఏ పన్నో గుర్తుంటే ఊరు దానంతటదే గుర్తుంటుంది.

విజయవాడ ప్రయాణం ఒక పూట పని. బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పటి బాపూ మ్యూజియం, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన చోటు. అక్కడ పిల్లలు నింపాల్సిన పేపర్లో మూడే ప్రశ్నలు, అందులో ఒకటి ఆ సమావేశం పెట్టుకున్న లక్ష్యాల గురించి: కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, 20 లక్షల రాట్నాలు, గడువు జూన్ 30.

మిగిలిన పని

ఇంకో 600 గుడిసెలు అంటించాలి. నమూనా మీద మూత కావాలి. పాలిథిన్ కప్పితే లోపల చెమ్మ పట్టి గుడిసెలు మెత్తబడతాయి కాబట్టి, పలచని గుడ్డతో చట్రం చేయించాలి.

కార్డుల వెనకవైపు పెదనందిపాడు కోసం. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో అక్కడి పోరాటం శిస్తు మీద, కాబట్టి ప్రతి కార్డుకూ ఇప్పుడు ఇల్లు కాదు, ఎకరాలు కావాలి. 40 కార్డుల్లో రెండు కరణానికీ మునసబుకూ పోతాయి, గ్రామాధికారుల రాజీనామాలు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మెట్ట, మాగాణి విడగొట్టి ఎకరాల పంపకం చేసే పని లెక్కల టీచరు తీసుకున్నారు. అది తేలాక రెండో లాంగ్ నోట్‌బుక్ తెరుస్తాం.